రైలుశాఖ నడిపిన బస్సులు

హుజూరాబాదుకు రైలు లేదు. కాజీపేట నుండి బల్హార్షాకు వేసిన రైలుమార్గము 1929లో పూర్తి అయినది. అది జమ్మికుంట మీదుగా పోయినది గాని హుజూరాబాదును తాకలేదు. రైలు దిగినవాడు మిగిలిన దూరము ఎట్లు పోవలెను? నిజాం రాష్ట్రములో ఇటువంటి ఊళ్లు ఎన్నో ఉండెను.

1932 జూన్ 15న నిజాం రాష్ట్ర రైల్వే తన క్రింద రోడ్డు రవాణా శాఖను తెరచి, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సర్వీసులు ప్రారంభించినది. రైలువారికి బస్సులతో ఏమి పని అనవచ్చును. ఆ రోజులలో మోటారు బస్సులు రైలు ప్రయాణికులను లాగుకొనుచుండెను. బ్రిటిషు ఇండియాలో ఈ పోటీపై మిచెల్, కిర్క్‌నెస్ అనువారు విచారణ జరిపి 1933లో నివేదిక ఇచ్చిరి. హైదరాబాదులో అప్పటికే పోటీదారును ఇంటివానిగా చేసికొనిరి!

ఒక్క బస్సు గల యజమాని బండి చెడినచో ఆ దారి ఆ రోజు మూతపడును. అనేక బస్సులు ఒకరి క్రింద ఉన్నచో చెడినదాని స్థానమున మరొకటి పోవును. అయితే బస్సులు ఒకే రకమువి కావలెను. అప్పుడే ఒకదాని విడిభాగము మరొకదానికి అమరును, ఏ డ్రైవరైనను ఏ బండినైనను నడుపగలడు.

ఎన్ని బస్సులు అదనముగా ఉంచవలెనన్నది సంభావ్యతా గణితపు ప్రశ్న. ప్రతి బస్సు పది రోజులకు ఒకనాడు షెడ్డులో ఉండుననుకొందము. 27 బస్సులలో సగటున మూడు మూలపడును. కాని ఒక్కొక్కనాడు ఆరు కూడ పడవచ్చును. కనుక 21 సర్వీసులకే ధైర్యముగా మాట ఇయ్యవచ్చును. బస్సులు 270 అయినచో అదనము పది రెట్లు, అనగా 60, అక్కరలేదు. ఇంచుమించు 37 చాలును. పెద్ద సంస్థకు గల నిజమైన లాభము ఇదే.

1951 నవంబరు 1న ఈ శాఖ రైల్వే నుండి హైదరాబాదు ప్రభుత్వమునకు మారినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. తెలంగాణకు వేరు సంస్థ వచ్చిన తరువాత హుజూరాబాదు డిపో దాని క్రిందికి వచ్చినది.

లెక్క చూచువారికి అదనపు బస్సు దండుగగా కనబడును. అందరి బండ్లు ఒకేసారి కావలసివచ్చినప్పుడు మాత్రము పై గణితము పనిచేయదు. రెండేండ్లకొకసారి మేడారం జాతరకు డిపోల నుండి బస్సులు అటు మళ్లును. ఆ నాలుగు రోజులు పల్లె ప్రయాణికుడు రోడ్డు ప్రక్కన ఎదురుచూచుచుండును.