పౌను గింజల నుంచి ప్లేటు ఉగ్గాని దాకా: సీమ తిండి లెక్కలు

ట్రెజరీలోనో బ్యాంకులోనో నలుగురు పెన్షనర్లు కలిస్తే ఒకప్పుడు డి.ఏ. బకాయిల మాట ముందు వచ్చేది. ఇప్పుడు షుగరు, బి.పి., మోకాళ్ల నొప్పులు ముందు వస్తున్నాయి. వాటన్నిటి వెనుకా డాక్టరుగారు వేలు పెట్టి చూపించేది ఒళ్లు బరువు. “ఉగ్గాని మానేశాను, దోసె మానేశాను, తెల్లన్నం ముఖమే చూడటం లేదు. రెండు పూటలా కొర్రన్నమే. అయినా కిలో కూడా తగ్గలేదు” అని ఒకరంటారు. “నేనేమీ మానలేదు, అన్నీ కాస్త తగ్గించాను, ఆరు కిలోలు పోయింది” అని ఇంకొకరంటారు. మొదటివారికి రెండోవారి మాట మీద నమ్మకం కుదరదు. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఇద్దరిదీ నిజం కావచ్చు. ఎలాగో తెలియాలంటే మన కర్నూలు, కడప జిల్లాల తిండి చరిత్రను కొంచెం వెనక్కి తిరిగి చూడాలి.

మన తాతలు ‘ఆరోగ్యకరమైన ఆహారం’ అని ఎంచుకుని ఏదీ తినలేదు. నేల ఏది ఇస్తే అది తిన్నారు. నల్లరేగడి ఉన్నచోట జొన్నరొట్టె, ఎర్రనేలల్లో కొర్ర, ఆరిక, సామ, చెరువు కింద చారెడు మడి ఉంటే పండగకింత వరి అన్నం. పొద్దున అంబలి, మధ్యాహ్నం సంగటి ముద్ద, నంజుకోడానికి చెనక్కాయల ఊరుబిండి లేదా గోంగూర. అలాగని వాళ్లు నూనె, బెల్లం ముట్టని మునులేమీ కారు. ఉగాదికి కర్నూలు వైపు భక్ష్యాలు, కడప వైపు ఓళిగలు నెయ్యి ముంచుకుని తిన్నారు. తిరునాళ్లలో బజ్జీలు, బొరుగులు తిన్నారు. మామూలు రైతు ఇంట్లో పొట్ట ముందుకు వచ్చిన మనిషి కనిపించకపోవడానికి కారణం కొర్రల మహిమ ఒక్కటే అనుకుంటే సగం లెక్క వదిలేసినట్టే. పొద్దు పొడవక ముందే మడక కట్టి, పొద్దు గుంకాక ఇల్లు చేరిన ఒళ్లు అది. ఇక గాదె నిండిన ఏడాదుల కంటే నిండని ఏడాదులే ఎక్కువ.

నిండని ఏడాదుల్లో అతి ఘోరమైనది 1876–78 నాటి కరువు. మన పెద్దలు దాన్ని ధాత కరువని చెప్పుకునేవారు. మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దాని నోట్లో పడ్డాయి. 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య కర్నూలు జిల్లాలో సుమారు నాలుగోవంతు జనం తగ్గిపోయారు. ఇంత పెద్ద మాటను ఒక వాక్యంలో చెప్పి దాటిపోవడానికి మనసు ఒప్పదు. కానీ మన విషయానికి సంబంధించిన ఘట్టం ఒకటి అందులోనే ఉంది.

వైస్రాయి లిట్టన్ తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. అంతకు ముందు 1873–74లో బీహారు, బెంగాల్ కరువులో ఈ టెంపులే ధారాళంగా ఖర్చుపెట్టి జనాన్ని కాపాడాడు. మెప్పు రావలసింది పోయి దుబారా చేశాడని తిట్లు తిన్నాడు. ఆ మచ్చ చెరుపుకోవాలన్న పట్టుదలతో 1877 జనవరిలో మద్రాసు వచ్చాడు. కరువు పనుల్లో రాళ్లు కొట్టే, మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలకు సరిపడే కూలీ, పైన కొద్దిపాటి చిల్లర చాలని తేల్చాడు. పౌను అంటే మన లెక్కలో సుమారు 454 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. జైల్లో కష్టం చేసే ఖైదీకి ఇచ్చే తిండి కూడా ఇంతకంటే ఎక్కువేననీ, కాయకష్టం చేసేవాడికి కనీసం పౌనున్నర గింజలు, వాటితో పాటు పప్పు, కూరగాయలు కావాలనీ వాదించాడు. ఇద్దరి మధ్యా కాగితాల యుద్ధం నడుస్తుండగా శిబిరాల్లో మనుషులు ఎముకల గూళ్లయ్యారు. 1877లోనే మద్రాసు ప్రభుత్వం ఆ రేటు సవరించి కొంత పెంచింది. ఆఫీసుల్లో జీవితం గడిపిన మనకు ఇలాంటి ఫైళ్లు ఎలా నడుస్తాయో వేరే చెప్పనక్కరలేదు. ఒక అధికారి ‘చాలు’ అని రాసిన మాటకు, మరొకరు ‘చాలదు’ అని రాసిన మాటకు మధ్య ఎన్ని ఊళ్లు ఖాళీ అవుతాయో ఈ ఫైలు చెబుతుంది.

ఆకలిచావును, మనం కోరుకుని బరువు తగ్గడాన్ని ఒక గాటన కట్టకూడదు. అయితే ఆ పౌను గింజల్లో ఏముందో గమనించండి. పంచదార లేదు, మైదా లేదు, పొట్లాల సరుకు లేదు, కాగిన నూనె లేదు. ఈనాటి పుస్తకాల ప్రకారం అంతా కల్తీ లేని, యంత్రం చెయ్యి సోకని ఆహారమే. అయినా ఒళ్లు కరిగిపోయింది. ఎందుకంటే పౌను బియ్యంలో ఉండేది సుమారు 1,600 కాలొరీలు. కాయకష్టం చేసే మగవాడికి మూడువేలకు పైగా కావాలి. తక్కువ పడినదాన్ని శరీరం తన కొవ్వులోంచీ, కండలోంచీ తీసుకుని ఖర్చుపెట్టింది. తిండి మంచిదా చెడ్డదా అని బరువు అడగదు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్న జమాఖర్చే అడుగుతుంది.

కాలొరీ అన్న కొలత కార్నిష్ కాలానికి మన దేశంలో వాడుకలో లేదు. నీలగిరుల్లోని కూనూరులో మెక్‌కారిసన్ నెలకొల్పిన పరిశోధనశాలలో ఆ తర్వాత తిండి మీద లోతైన పని జరిగింది. 1937లో అక్కడి డైరెక్టరు ఐక్రాయిడ్ మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికను ప్రచురించాడు. జొన్నకెంత, రాగికెంత, వేరుశనగకెంత అని సామాన్యుడు చూసుకునే వీలు అప్పుడు కలిగింది. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. దాని పట్టికలు చూస్తే మన మొదటి పెన్షనరుగారి చిక్కుముడి విడిపోతుంది. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 350 కాలొరీలు. కొర్రల్లో 330. రాగుల్లో 320 పైచిలుకు. జొన్నల్లో 335 నుంచి 350. తేడా చారెడంత కూడా లేదు. కొర్రల్లో పీచు ఎక్కువ, కడుపు త్వరగా నిండినట్టు ఉంటుంది, రక్తంలో చక్కెర కాస్త నిదానంగా పెరుగుతుంది. ఈ గుణాలు కాదనలేనివి. కానీ ‘ఇది మంచిదే కదా’ అని రెండు గరిటెలు ఎక్కువ వడ్డించుకుని, దాని మీద చెనక్కాయల పొడి, రెండు చెంచాల నెయ్యి వేసుకుంటే లెక్క మొదటికే వస్తుంది. నూనె ఏదైనా, గానుగలో ఆడించినా, డబ్బాలో వచ్చినా, నూరు గ్రాములకు 900 కాలొరీలు.

మరి మన ఒళ్లు ఎప్పుడు మారింది? కె.సి. కెనాల్ 1860ల నాటిది. ఒక ప్రైవేటు కంపెనీ మొదలుపెట్టి నష్టపోగా 1882లో ప్రభుత్వం కొన్నది. ఆ కాలువ కింద వరి పెరిగినా, మెట్ట పల్లెల్లో బియ్యం చాలాకాలం పండగ తిండిగానే ఉండిపోయింది. 1952 ప్రాంతపు కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడిన జిల్లాలు ఇవి. ఆ జ్ఞాపకం ఉన్న ఇంట్లో పిల్లవాడు పళ్లెంలో మెతుకు వదిలితే పెద్దలు ఊరుకునేవారు కాదు. మనలో చాలామంది అలా పెరిగినవాళ్లమే. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక తెల్లన్నం ప్రతి ఇంటి కుండలోకీ వచ్చింది. అది చాలా మేలు చేసింది, దాన్ని తప్పుపట్టడం అన్యాయం. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చి, సన్నబియ్యానికి కర్నూలు సోనా అన్న పేరు దేశమంతా పాకింది. ఇదే కాలంలో మనం మడక వదిలి కుర్చీ ఎక్కాం, సైకిలు వదిలి స్కూటరు ఎక్కాం, రిటైరయ్యాక కుర్చీలోంచి టీవీ ముందున్న సోఫాలోకి మారాం. పళ్లెంలో వదలకూడదన్న అలవాటు మాత్రం అలాగే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో బరువు పని చేసే మగవాడికి రోజుకు 3,470 కాలొరీలు కావాలి, కూర్చుని పని చేసేవాడికి 2,110, ఆడవారికి 1,660 చాలు. అరవై దాటినవారికి అంతకంటే తక్కువే. మడక దున్నిన తాత కొలతలో మనవడు తింటే మిగిలినది నడుము చుట్టూ చేరక ఎక్కడికి పోతుంది?

ఈ మధ్యకాలంలో మన తెలుగునాట బరువు తగ్గించే పద్ధతులకు కొదవలేదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పు, నూనె వద్దన్నారు. 2018 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారు అన్నం మాని కొబ్బరినూనె తాగమన్నారు. మన ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన, 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలీ గారు సిరిధాన్యాలు తినమన్నారు. ఒకరు వద్దన్నది ఇంకొకరు కావాలన్నారు. అయినా మూడు దారుల్లోనూ కొందరు తగ్గారు. నా దృష్టిలో దీనికి కారణం ఒకటే. ఏ నియమం పెట్టుకున్నా మొదటి నెలల్లో మొత్తం మీద తిండి తగ్గుతుంది. నియమం భరించలేక వదిలేసిన రోజు నుంచి మళ్లీ పెరుగుతుంది.

ఈ మాటనే అమెరికాలో ఒక ప్రొఫెసరు విడ్డూరంగా రుజువు చేశాడు. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పోషకాహారం బోధించే మార్క్ హౌబ్ 2010లో పది వారాల పాటు ఎక్కువ భాగం క్రీము కేకులు, బిస్కెట్లు, చిప్సు తిని బతికాడు. తోడుగా కొన్ని కూరగాయలు, ప్రొటీను పానీయం, విటమిను మాత్ర. రోజుకు 1,800 కాలొరీలు దాటలేదు. 27 పౌన్లు, అంటే సుమారు 12 కిలోలు తగ్గాడు. చెడు కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. అందరూ ఇలా తినండని ఆయన చెప్పలేదు, మనమూ చెప్పకూడదు. ఒక్క మనిషి, పది వారాలు, అంతే. దీనికి రెండో వైపు కూడా ఉంది. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఇరవైమందికి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి పెట్టి, ఇష్టమున్నంత తినమన్నది. ఫ్యాక్టరీ తిండి పెట్టినప్పుడు తమకు తెలియకుండానే రోజుకు 500 కాలొరీలు ఎక్కువ తిన్నారు. అంటే చిప్సు పొట్లంలో విషం లేదు గానీ, ‘చాలు’ అని చెప్పే గొంతు కూడా లేదు. కొలిచి తినగలిగినవాడికి ఫరవాలేదు, పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడికి కష్టం.

ఇక ఉగ్గాని సంగతి. బొరుగులు చూపుకు కుప్పగా ఉంటాయి గానీ తూకానికి తేలిక. ఒక ప్లేటుకు యాభై గ్రాముల బొరుగులు వేస్తే 160 కాలొరీలు, రెండు చిన్న చెంచాల నూనెకు 90, పుట్నాల పొడికి 40. మొత్తం మూడువందల లోపే. ఉదయం పూట టిఫినుకు ఇది ఏమంత నేరం? నేరమంతా పక్కనున్న బజ్జీలది. పిండీ, పీల్చిన నూనే లెక్కవేస్తే ఒక్కో మిరపకాయ బజ్జీ నూరు దాటుతుంది. నాలుగు తింటే ఉగ్గాని కంటే అవే ఎక్కువ. ఒక్కటితో ఆపితే రోజుకు మూడువందలు మిగులు. కాగితం మీద కిలో కొవ్వుకు సుమారు 7,700 కాలొరీలు కనుక ఇలా రోజుకు రెండువందల యాభై, మూడువందలు తగ్గిస్తే నెలకు కిలో దాకా పోవాలి. నిజంలో అంతకంటే నిదానంగా పోతుంది, బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది కాబట్టి. ఎర్రకారం దోసె రెండుకు బదులు ఒకటి, ఓళిగలు మూడుకు బదులు ఒకటి, కాఫీలో చక్కెర సగం. ఇంటికి నెలకు ఎన్ని లీటర్ల నూనె వస్తున్నదో కిరాణా చీటీ చూసి తలకు పంచి చూడండి. చాలా ఇళ్లలో గుట్టు అక్కడే బయటపడుతుంది.

అయితే బరువు వేరు, ఆరోగ్యం వేరు. మెక్‌కారిసన్ కూనూరులో వేర్వేరు ప్రాంతాల తిండి ఎలుకలకు పెట్టి చూస్తే పాలు, గోధుమ, కూరగాయలున్న పంజాబు తిండి తిన్నవి బలంగా ఎదిగాయి, మన మద్రాసు అన్నం తిన్నవి వెనకబడ్డాయి. పప్పు, పెరుగు, ఆకుకూర, తినేవారికి గుడ్డు పళ్లెంలో ఉండాలి, తగ్గించేటప్పుడు ఇంకా తప్పకుండా ఉండాలి. మన వయసులో తిండి మరీ కోస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఆ తర్వాత బాత్‌రూములో కాలు జారితే తుంటి విరుగుతుంది. నడకతో పాటు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం అలవాటు చేసుకోవాలి. తూకం యంత్రం ఒక్కటే నమ్మవద్దు. మనవాళ్లు సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోస్తారని పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్ చూపించారు. అందుకే టేపు పట్టి నడుము చూసుకోవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 లోపు ఉండటం మేలు.

షుగరుకు ఇన్సులిన్ గానీ, చక్కెరను కిందికి దించే మాత్రలు గానీ వాడుతున్నవారు డాక్టరుతో చెప్పకుండా తిండి తగ్గించవద్దు. మందు పాత కొలతలోనే పడి, తిండి సగమైతే చక్కెర ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు మాత్రల చీటీతో పాటు, వారం రోజులు ఏమేమి ఎంతెంత తిన్నారో రాసిన కాగితం ఒకటి తీసుకువెళ్లండి, బజ్జీలతో సహా.