బహమూత్: చేపకు పుట్టిన డ్రాగన్

ఫాంటసీ ఆటల్లో డ్రాగన్ల రాజైన బహమూత్ మొదట ఒక చేప. మధ్యయుగపు అరబ్బీ విశ్వవర్ణనల్లో భూమిని ఒక దేవదూత మోస్తాడు; అతని కాళ్ల కింద శిల, శిల కింద ఎద్దు, అన్నిటికీ అడుగున ఈ మహామత్స్యం. మన ఆదికూర్మం, అష్టదిగ్గజాల వంటి ఊహే. పేరుకు మూలం ఇంకా పాతది: హీబ్రూ బైబిల్‌లో యోబు గ్రంథంలోని బెహెమోత్. అది గడ్డి మేసే భారీ జంతువు. తెలుగు బైబిల్‌లో నీటిగుర్రం అయింది.

1977లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' ఆట తన 'మాన్‌స్టర్ మాన్యువల్' పుస్తకంలో ఆ పేరును ప్లాటినం డ్రాగన్‌కు తగిలించింది. కథతో పనిలేదు, గంభీరంగా పలికితే చాలు! 1987లో జపాన్ వీడియో గేమ్ 'ఫైనల్ ఫాంటసీ' కూడా బహమూత్‌ను డ్రాగన్‌గానే చూపింది. విచిత్రమేమిటంటే, ఆ వరస ఆటల్లో బెహెమోత్ అనే మృగం విడిగా ఉంది.