కోతల తర్వాత భవన నిర్మాణ పనులకు వెళ్లే రైతులకు: సైటులో ప్రమాదం జరిగితే రావాల్సిన నష్టపరిహారం

వానాకాలం పంట ఇంటికి చేరి, యాసంగికి నీళ్లు లేని చోట్ల చిన్న, సన్నకారు రైతులు చాలామంది పట్నం బాట పడతారు. పాలమూరు, నారాయణపేట, అనంతపురం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి హైదరాబాదు, బెంగళూరు, పుణె వైపు సెంట్రింగ్, కాంక్రీట్, రాడ్ బెండింగ్, మట్టి పనులకు వెళ్తారు. మళ్లీ తొలకరికి ఊరు చేరుకుంటారు. ఈ నాలుగైదు నెలల్లో సైటులో ప్రమాదం జరిగితే చట్టప్రకారం మీకు ఏం రావాలి, దాన్ని ఎలా రాబట్టుకోవాలి అన్నది ఈ వ్యాసంలో చెబుతున్నాను.

వ్యవసాయ శాఖ వాళ్లకు ఈ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. తెలంగాణలో పట్టాదారు చనిపోతే రైతు బీమా కాగితాలు వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరికే వస్తాయి. మరణ ధ్రువీకరణ పత్రంలో పట్నం ఆస్పత్రి పేరు చూసి ఎలా జరిగిందని అడిగితే, "స్లాబు మీంచి పడ్డడు సారూ, గుంపు మేస్త్రీ దహన ఖర్చులకు కొంత ఇచ్చిండు" అని ఇంటివాళ్లు చెబుతారు. రైతు బీమా 5 లక్షలు వస్తుంది కదా, ఇక చేసేదేముందని చాలా కుటుంబాలు అక్కడితో ఆగిపోతున్నాయి. అలా ఆగిపోతే వాళ్లకు రావాల్సిన పెద్ద మొత్తం పోయినట్టే.

రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారులకు ఉన్న జీవిత బీమా. ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు ఇస్తారు. గాయపడితే మాత్రం దీని కింద ఏమీ రాదు. సైటు ప్రమాదానికి యజమాని ఇవ్వాల్సిన నష్టపరిహారం దీనికి పూర్తిగా వేరు. ఒకటి తీసుకున్నారని రెండోది ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. "నీకు రైతు బీమా వచ్చిందిగా" అని కాంట్రాక్టరు అంటే ఆ మాటకు చట్టంలో విలువ లేదు.

ఏ చట్టం, ఎవరికి వర్తిస్తుంది

1923లో వచ్చిన ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఈ హక్కు ఇచ్చింది. ఇప్పుడు ఆ నిబంధనలను సామాజిక భద్రత కోడ్, 2020లోని ఏడో అధ్యాయంలో చేర్చారు. ఈ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. లెక్క కట్టే పద్ధతి ప్రధానంగా పాతదే.

మీరు రోజు కూలీ అయినా, పొద్దున్నే అడ్డా మీద నిలబడి ఆ రోజుకే పనికి కుదిరినా ఇది వర్తిస్తుంది. మస్టరులో పేరు లేదనో, నియామక పత్రం లేదనో హక్కు పోదు. కాకపోతే అక్కడ పని చేశామని రుజువు చూపించాలి. ఒకటి కంటే ఎక్కువ అంతస్తులున్న, లేదా నేల నుంచి కప్పు దాకా 12 అడుగులు, అంతకు మించి ఎత్తున్న కట్టడం పనులు, రోడ్లు, వంతెనల పనులు ఇందులోకి వస్తాయి. ఆడవాళ్లకూ ఇదే లెక్క.

యజమాని తప్పు ఉందని మీరు నిరూపించాల్సిన పని లేదు. పని చేస్తుండగా, పని కారణంగా దెబ్బ తగిలిందని చూపిస్తే చాలు. "వాడే చూసుకోకుండా కాలు పెట్టాడు" అన్నది సాకే తప్ప జవాబు కాదు. తాగి ఉండటం, హెల్మెట్, బెల్టు పెట్టుకొమ్మని చెప్పినా కావాలని పెట్టుకోకపోవడం వంటి కారణాలు చూపి చిన్న గాయాల విషయంలో యజమాని తప్పించుకోవచ్చు. మరణం గానీ, పూర్తి శాశ్వత వైకల్యం గానీ జరిగితే ఆ కారణాలు కూడా పనిచేయవు.

ఎంత వస్తుంది

దీన్ని కాస్త ఓపికగా చదవండి. ఎకరాకు ఎన్ని బస్తాల యూరియా అని లెక్క వేసుకునే మీకు ఇది కష్టమేమీ కాదు.

నెల కూలి, వయసును బట్టి చట్టం ఇచ్చిన ఒక అంకె, ఈ రెండింటితో లెక్క కడతారు. 30 ఏళ్లకు ఆ అంకె 207.98, 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. వయసు పెరిగే కొద్దీ తగ్గుతుంది. నెల కూలి ఎంత ఉన్నా లెక్కలోకి 15,000 వరకే తీసుకుంటారు. 2020 జనవరిలో కేంద్రం పెట్టిన పరిమితి ఇది. రోజుకు 700 చొప్పున నెలకు 26 రోజులు చేస్తే 18,200 అవుతుంది. లెక్కకు మాత్రం 15,000 పట్టుకోవాలి.

మరణమైతే నెల కూలిలో సగాన్ని ఆ అంకెతో గుణించాలి. 40 ఏళ్ల మనిషికి 7,500ను 184.17తో గుణిస్తే 13,81,275 రూపాయలు. అదే 30 ఏళ్ల వాడైతే 15,59,850. మార్చురీ దగ్గర చేతిలో పెట్టే లక్షో, రెండు లక్షలో దీని పక్కన పెట్టి చూడండి.

ఇక ఏ పనీ చేయలేని పూర్తి వైకల్యం వస్తే నెల కూలిలో 60 శాతం పట్టుకుంటారు. 40 ఏళ్లకు అది 16,57,530 రూపాయలు. కొంత వైకల్యమే అయితే సంపాదన శక్తి ఎంత తగ్గిందో అంత శాతం ఇస్తారు. కొన్నింటికి చట్టమే శాతాలు చెప్పింది. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50 శాతం. అంటే 40 ఏళ్ల సెంట్రింగ్ కూలీ బొటనవేలు కట్టర్‌లో పోతే 4,97,259 రూపాయలు రావాలి. నడుము ఎముక విరగడం లాంటి, పట్టికలో లేని గాయాలకు సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు రాసివ్వాలి. వికలాంగుల పెన్షను కోసం ఇచ్చే సర్టిఫికెట్‌లోని శాతం, ఈ శాతం ఎప్పుడూ ఒకటే కానక్కర్లేదు. ఆ సంగతి డాక్టరుకు చెప్పి రాయించుకోండి.

పట్టికలోని శాతమే చివరి మాట కాదు. 1969లో ఒడిశాలోని జైపూర్‌లో ఒక సినిమా హాలు అలంకరణ పని చేస్తూ ఒక వడ్రంగి కింద పడ్డాడు. ఎడమ చెయ్యి మోచేతి పైనుంచి తీసేయాల్సి వచ్చింది. ఒక చెయ్యే కదా, పూర్తి వైకల్యం ఎలా అవుతుందని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి ఇది పూర్తి వైకల్యమేనని 1975 డిసెంబరులో కోర్టు తీర్పు ఇచ్చింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ పడుతుందని కూడా చెప్పింది. మేస్త్రీ పని, రాడ్ బెండింగ్ చేసేవాళ్లు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

కాలు విరిగి కొన్ని నెలలు మంచాన పడితే, కోలుకునే దాకా నెల కూలిలో సగం ఇవ్వాలి. 15,000 లెక్కన పదిహేను రోజులకోసారి 3,750. ఇది ఐదేళ్ల వరకు ఇవ్వవచ్చు. దీనికి తోడు వైద్యానికి అయిన అసలు ఖర్చు కూడా యజమానే భరించాలి. అందుకే మందుల చీటీ, స్కానింగ్ రసీదు ఒక్కటి కూడా పారేయవద్దు.

మొదటి రోజే జాగ్రత్త పడాల్సినవి

నేను చూసినంతలో కేసులు ఎక్కువగా చెడిపోయేది ఆస్పత్రి గేటు దగ్గరే. గాయపడిన వాడిని తీసుకొచ్చిన సూపర్‌వైజరు "బాత్రూమ్‌లో జారిపడ్డాడు", "బండి మీంచి పడ్డాడు" అని రాయిస్తాడు. అలా రాయిస్తేనే త్వరగా చేర్చుకుంటారని మీకూ చెబుతాడు. ఒప్పుకోవద్దు. ఏ సైటులో, ఎన్నో అంతస్తు నుంచి, ఏ పని చేస్తూ పడ్డారో ఉన్నది ఉన్నట్టు చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమని అడగండి. మొదటి రోజు ఓపీ చీటీలో రాసిన మాటను తర్వాత మార్చడం చాలా కష్టం.

మరణమైతే పోలీసు ఫిర్యాదు, పంచనామా, పోస్టుమార్టం తప్పనిసరి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. శవాన్ని త్వరగా ఊరికి తీసుకెళ్లాలన్న ఆరాటంలో ఇవి వదిలేస్తే ఆనక రుజువు దొరకదు.

పని చేసినట్టు రుజువు అంటే పెద్ద కాగితాలే ఉండాలని లేదు. మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన కూలి డబ్బులు, హాజరు రాసుకున్న చిన్న నోటుబుక్కు, సైటు బోర్డు ముందు దిగిన ఫొటో, గుంపు వాట్సాప్‌లో వచ్చిన మాటలు, పక్కన పనిచేసిన ఇద్దరి సాక్ష్యం పనికొస్తాయి. అందుకే పనికి వెళ్లిన మొదటి రోజే సైటు బోర్డును, అందులో బిల్డరు పేరు కనబడేలా, ఫొటో తీసి ఇంటికి పంపండి. ఇంటివాళ్లకు "హైదరాబాదులో ఎక్కడో" అని తప్ప సైటు పేరు తెలియకపోవడం వల్ల ఆగిపోయినవి నాకు తెలుసు.

రాజీ కాగితం గురించి

"ఇంత ముట్టింది, ఇక ఏ కేసూ పెట్టము" అని తెల్ల కాగితం మీదో, స్టాంపు పేపరు మీదో వేలిముద్ర వేయించుకుంటారు. ఊరి పెద్దలు, ఒక్కోసారి మన గుంపు మేస్త్రీ కూడా ముందుండి ఇది జరిపిస్తారు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాసుకున్న ఒప్పందం చెల్లదు. మరణమైతే పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చేయాలి తప్ప కుటుంబం చేతికి ఇచ్చి సరిపెట్టడం కుదరదు. చేతికి ఇచ్చినది పరిహారంగా లెక్కలోకి రాదు. మూడు నెలల కూలి వరకు ఇచ్చిన అడ్వాన్సు మాత్రం మినహాయించుకోవచ్చు. కాబట్టి ఇదివరకే డబ్బు తీసుకొని సంతకం పెట్టిన కుటుంబాలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. తీసుకున్న సంగతి మాత్రం దాచవద్దు.

మేస్త్రీ మన ఊరివాడే, వాడి మీద ఎలా కేసు వేస్తాం అన్న మొహమాటం నాకు అర్థమవుతుంది. మళ్లీ ఏడాది పని ఇప్పించేది వాడే కదా. అయితే చట్టం మేస్త్రీ దగ్గర ఆగదు. పని కాంట్రాక్టుకు ఇచ్చిన బిల్డరు కూడా పరిహారానికి బాధ్యుడే. కట్టడాలే ఆయన వ్యాపారం కనుక ఆయన దగ్గరే నేరుగా అడగవచ్చు. చాలాసార్లు బిల్డరుకు దీనికోసం బీమా పాలసీ ఉంటుంది, డబ్బు ఆ కంపెనీ కడుతుంది. సొంత ఇల్లు కట్టుకునే మామూలు మనిషి దగ్గర జరిగిన ప్రమాదంలో మాత్రం వ్యవహారం కాస్త చిక్కు. అక్కడ పని ఒప్పుకున్న కాంట్రాక్టరే ప్రధానంగా బాధ్యుడు అవుతాడు.

ఎక్కడ, ఎప్పటిలోగా

పరిహారం కమిషనర్ దగ్గర దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రాల్లో కార్మిక శాఖ అధికారులే ఈ బాధ్యత చూస్తారు. ప్రమాదం పుణెలో జరిగినా మీరు నివసించే ప్రాంతంలోని కమిషనర్ దగ్గరే వేయవచ్చు, ప్రతి వాయిదాకూ రైలెక్కి పోనక్కర్లేదు. రెండేళ్లలోపు వేయాలి. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది, అయినా ఆ ధైర్యంతో కూర్చోవద్దు. నెలలోపు చెల్లించకపోతే యజమాని వడ్డీ కట్టాలి. సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే అసలు మీద 50 శాతం వరకు అదనంగా వేయవచ్చు.

వచ్చిన దాంట్లో ఇంత శాతమని మాట్లాడుకునే దళారులను దగ్గరికి రానివ్వవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు.

వెళ్లే ముందు చేసుకోవాల్సినవి

సైటుకు ఈఎస్ఐ ఉండి, మీ పేరు అందులో ఉంటే పైన చెప్పిన పరిహారం బదులు ఈఎస్ఐ నుంచే వైద్యం, పింఛను వస్తాయి. మీ పేరు ఎక్కించారో లేదో ముందే అడగండి.

18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. బోర్డు ఇచ్చే ప్రమాద సాయం కూడా యజమాని పరిహారానికి అదనమే. సభ్యత్వం రెన్యువల్ చేయించడం మరిచిపోకండి.

బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ప్రమాద మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 1 లక్ష. తెలంగాణ రైతు బీమా మాదిరి పథకం అందుబాటులో లేని ఆంధ్రప్రదేశ్ రైతులకు, 59 దాటినవాళ్లకు ఇది మరీ అవసరం. మే నెలాఖరులో ప్రీమియం కట్ అయ్యే సమయానికి ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూసుకోండి.

మరొక్క మాట. ట్రాక్టరు, యంత్రాలతో చేసే సేద్యం పనులు, బోరు బావి పనులు కూడా ఇదే చట్టం పట్టికలో ఉన్నాయి. మీ ట్రాక్టరు మీద కూలికి పెట్టుకున్న మనిషికి దెబ్బ తగిలితే అక్కడ యజమాని మీరే. ట్రాక్టరు బీమా చేయించేటప్పుడు డ్రైవరుకు, కూలీకి కూడా వర్తించేలా ప్రీమియం కట్టారో లేదో పాలసీ కాగితంలో చూసుకోండి.