పర్మిట్ నుంచి ఇరుసు బరువు దాకా

పొన్నూరు మీదుగా పోయే గుంటూరు–బాపట్ల రోడ్డు మీద ధాన్యం, మినుము, మొక్కజొన్న లోడు లారీలు ఎవరికీ వింత కాదు. అయినా ఈ డెల్టా సరుకు మొదట పట్టింది నీటిదారి. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక కొమ్మమూరు కాలువ పడవలు పెదగంజాం చేరి, బకింగ్‌హాం కాలువలో మద్రాసు వైపు సాగేవి. తర్వాత రైలొచ్చింది. లారీ ఆఖరున వచ్చింది, వస్తూనే ముకుతాడు వేయించుకుంది.

ఆ ముకుతాడు 1939 మోటారు వాహనాల చట్టం. రోడ్డు మీద లారీ పెరిగితే రైల్వే రాబడి తరుగుతుందన్న బెంగ దాని వెనక ఉంది. 1930ల మొదట్లో మిచెల్–కర్క్‌నెస్ నివేదిక చర్చించింది కూడా ఈ పోటీనే. ఏ లారీ ఎంత దూరం, ఏ దారిన పోవాలో పర్మిట్ చెప్పేది. 1936లో పుట్టిన అఖిల భారత మోటారు ట్రాన్స్‌పోర్టు కాంగ్రెస్ తొలి దశాబ్దాలు ఈ సంకెళ్ల మీద వినతిపత్రాలు ఇవ్వడంతోనే గడిచాయి.

పొన్నూరును ఆనుకునే ఉన్న నిడుబ్రోలుకు ఈ కథతో ఒక చుట్టరికం ఉంది. రోడ్డు రవాణా పునర్వ్యవస్థీకరణ సంఘం మినూ మసానీ అధ్యక్షతన 1959లో నివేదిక ఇచ్చింది, పర్మిట్లు సడలించాలంది. అదే ఏడు స్వతంత్ర పార్టీ పుట్టింది. దాని వ్యవస్థాపకుల్లో మసానీ ఒకరు, తొలి అధ్యక్షుడు నిడుబ్రోలు బిడ్డ ఎన్.జి. రంగా. పర్మిట్–లైసెన్స్ రాజ్ మీద మరో వ్యవస్థాపకుడు రాజాజీ ఎత్తిన గొంతు ఈ పార్టీది. రైతు ఉద్యమం నుంచి వచ్చిన రంగా లారీ ఓనర్ల తరఫు మనిషేమీ కాడు. కానీ పండిన పంట ఊరు దాటడానికి ఆఫీసు గుమ్మంలో పడిగాపులు కాయాలా అన్న ప్రశ్న రైతుదీ, ఓనరుదీ ఒకటే.

జవాబు నింపాదిగా వచ్చింది. 1975లో నేషనల్ పర్మిట్ మొదలైంది, అదీ కోటా లెక్కన. 1989 జులైలో అమల్లోకి వచ్చిన 1988 చట్టంతో అడిగినవాడికి పర్మిట్ నిరాకరించకపోవడం సాధారణ నియమమైంది. రాష్ట్రం రాష్ట్రానికీ వేరుగా కట్టే ఫీజు 2010లో ఒకే మొత్తంగా మారింది.

పర్మిట్ గొడవ తగ్గేసరికి ఆగుళ్ల గొడవ మిగిలింది. బండి ఎంత తిరిగితే ఓనరుకు అంత వాయిదా తీరుతుంది. చెక్‌పోస్టు వరసలో గడిచిన రాత్రికి కిరాయి రాదు. 2017 జులైలో జీఎస్టీతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. నా లెక్కలో లారీ రంగానికి జరిగిన పెద్ద మేలు ఇదే, అయితే అది దక్కింది లారీల కోసం చేసిన సంస్కరణలో కాదు, పన్నుల సంస్కరణలో. అప్పటికే మనకు కొత్త సరిహద్దొకటి పుట్టుకొచ్చింది. 2014 విభజన తర్వాత, 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్ర వాహనాలపై తెలంగాణ పన్ను మొదలెట్టింది. నిన్నటిదాకా సొంత రాష్ట్రపు ట్రిప్పయిన హైదరాబాదు, సరిహద్దులోని పొందుగల దాటగానే పరాయి రాష్ట్రపు ట్రిప్పయింది. రెండు రాష్ట్రాలకూ చెల్లే పర్మిట్ కావాలని లారీ ఓనర్ల సంఘాలు అడుగుతూ వచ్చింది అందుకే.

ఇక బరువు సంగతి. జరిమానా కట్టించుకుని ఓవర్‌లోడ్ బండిని అలాగే వదిలేయడం చెల్లదని, అదనపు సరుకు దించాల్సిందేనని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 జులై 16న కేంద్రం ఇరుసు పరిమితినే పెంచింది: పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5కు చేరింది. ఉత్పాదకత పెరుగుతుందన్నది సర్కారు మాట. నాలుగు రోజులకే, జులై 20న, దేశమంతా లారీలు ఆగాయి. డిమాండ్లలో ముందున్నవి డీజిల్ ధర, టోలు, థర్డ్ పార్టీ బీమా ప్రీమియం.

ఈ బరువు పెంపులో పెద్ద కంపెనీ లెక్కా, చిన్న ఓనరు లెక్కా ఒకటి కాదు. ఉన్న లారీలే ఎక్కువ టన్నులు మోస్తే, సరుకు అంతే ఉన్నప్పుడు, కిరాయి పడిపోతుంది. పదులకొద్దీ బండ్లున్న కంపెనీ దాన్ని తట్టుకుంటుంది. కోతల రోజుల్లో బేరం, తక్కిన నెలల్లో ఖాళీ చూసే ఒక్క లారీ ఓనరు తట్టుకోలేడు. ఎనిమిది రోజుల సమ్మె తర్వాత, ఆ ఏడాది చివర్లో, నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన పోయింది. ఎనిమిదేళ్లలోపు బండికి ఫిట్‌నెస్ రెండేళ్లకోసారి చాలన్నారు. డీజిల్ మాత్రం జీఎస్టీలోకి రాలేదు.