మగ్గం గుంట నుంచి మస్కటు దాకా

మొన్న సాయంత్రం మా పక్కింటి పిల్లవాడు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. వెనకాలే వాళ్లమ్మ, చంకలో బీడీల చాటతో.

"చిన్నమ్మా, గిది జర సదివి చెప్పు. దుబాయి కాయితం."

కోరుట్లలో నాలుగేళ్లుగా సెంట్రింగు పని చేస్తున్నాడు. చెక్క కొట్టి స్లాబు నిలబెట్టగలడు. కాగితంలో ఉద్యోగం దగ్గర మాత్రం "లేబర్" అని ఒకే మాట ఉంది. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనగానే అందరికీ దుబాయే గుర్తొస్తుంది. కానీ మనవాళ్ల ప్రయాణం దుబాయితో మొదలవలేదండీ. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బొంబాయి దీవుల మధ్య పల్లాలు పూడ్చి ఊరు కడుతున్నప్పుడే నిజాం ఇలాకా నుంచి తెలుగు పనివాళ్లు వెళ్లారు. వాళ్లను కామాఠీలన్నారు. వాళ్లున్న పేట కామాఠీపురా. ఇవాళ ఆ పేరు వింటే పెద్దమనుషులు మొహం తిప్పుకుంటారు గానీ, అది కష్టజీవుల పేరు.

ఆ తరవాత సిరిసిల్ల వైపు పద్మశాలీలు షోలాపూర్, భీవండి, బొంబాయి దారి పట్టారు. మగ్గం గుంటలో కాళ్లాడించినవాడికి మరమగ్గం లొంగడం ఎంతసేపు? ఊరు మారినా చేతిలో విద్య మారలేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోనే లేదు.

అప్పటికే సముద్రం అవతల ఇంకో తలుపు తెరుచుకుంది. 1966లో దుబాయిలో చమురు పడింది. (అన్నట్టు, ఆ ఏడాది దాకా అక్కడి బజార్లో చెల్లింది మన రిజర్వు బ్యాంకు అచ్చువేసిన రూపాయే! ఇప్పుడు మనం దిర్హాముల లెక్క వేళ్ల మీద కట్టుకుంటున్నాం.) 1973లో చమురు ధర ఎగిసి, ఎడారిలో భవనాలు లేవడం మొదలైంది. ఇక్కడ చూస్తే 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలంటూ ప్రకటన. ఎదిగిన కొడుకు ఇంట్లో ఉంటే తల్లికి కునుకు పట్టని రోజులు. కొందరిని విమానం ఎక్కించింది డబ్బాశ కాదు, ఆ భయం.

అయితే ఎడారిలో మగ్గం లేదు. పోగు అతికే వేళ్లు తట్ట మోశాయి. బొంబాయి వలసకీ దీనికీ నాకు కనిపించే తేడా అదే.

ఇక్కడ ఇల్లు నడిపింది తునికాకు. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి, వెయ్యి బీడీల లెక్కన వచ్చే కూలితో ఆడవాళ్లు అప్పుకు మిత్తి కట్టారు. ఫోన్లు లేని రోజుల్లో, ఉత్తరం రాయడం రాని ఇల్లాలు టేపు రికార్డరు ముందు కూర్చుని మాట్లాడి క్యాసెట్టు పంపేది. పక్కనే అత్తగారు కూర్చుంటే ఏం మాట్లాడుతుంది చెప్పండి!

1922 నాటి పాత చట్టం స్థానంలో 1983లో కొత్త వలస చట్టం వచ్చింది. ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. పది పాసు కానివాడు గల్ఫుకు పోవాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావాలి. మావాడు పది తప్పాడు.

"నీ పని పేరు షటరింగు కార్పెంటరు. వీసా మీదా, ఒప్పందం మీదా అదే ఉండాలి. లేబరని పోతే నీ చేతిపనికి జీతం ఎవడిస్తాడు?" అన్నాను. "ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000, దానిమీద జీఎస్టీ. అంతకుమించి కాదు. రసీదు అడుగు. నిన్నెంత అడిగాడు?"

వాడు నేల చూశాడు. "లక్షా ఇరవై."

దారం చుడుతున్న వాళ్లమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నాతోని అరవై అన్నవు గదరా?"