గురజాడ పేరు మీద ఓ పూట భోజనం

చాన్నాళ్ళ క్రితం సంగతి. ఆన్‌సైట్ పని మీద ఎడింబరోలో ఉన్నాను. జనవరి చలి. మా టీములో ఒకాయన "25 రాత్రి మా ఇంటికి భోజనానికి రా, మా కవి పుట్టినరోజు" అన్నాడు. కవి పుట్టినరోజంటే నాకు తెలిసింది దండ, మైకు, ముఖ్య అతిథి. తీరా వెళ్తే పదిమంది జనం, అందులో సాహిత్యం వాళ్ళు ఒక్కరూ లేరు!

హాగిస్ అని ఒక వంటకం తెచ్చారు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులు ఓట్స్‌తో కలిపి పొట్టసంచిలో కూరి ఉడకబెడతారట. రిటైరైన బస్సు డ్రైవరొకాయన లేచి, దాని మీద రాబర్ట్ బర్న్స్ రాసిన కవిత మొత్తం చూడకుండా చదివేసి, సరిగ్గా రావలసిన చోట కత్తి దింపాడు. (నాకు దుంపలే గతి.) తర్వాత కవిని తలుచుకుంటూ ఒక ప్రసంగం, ఆడవాళ్ళని ఆటపట్టిస్తూ మగాళ్ళ మాట, దానికి ఆడవాళ్ళ దీటైన జవాబు, చివర్న చేతులు కలిపి పాట.

దీని కథ చిన్నదే. బర్న్స్ 1796లో 37 ఏళ్ళకే పోయాడు. అయిదేళ్ళకి, 1801 జులైలో, తొమ్మిదిమంది స్నేహితులు ఆయన పుట్టిన ఇంట్లోనే కలిసి భోంచేశారు. అంతే, మొదలైపోయింది. గ్రీనాక్ ఊరి క్లబ్బువాళ్ళు 1802లో జనవరి 29న పుట్టినరోజు చేసి, మరుసటి ఏడాది చర్చి రికార్డు చూసి 25కి దిద్దుకున్నారు. అదో బగ్ ఫిక్స్ అన్నమాట :) ఇవాళ ప్రపంచంలో ఎక్కడైనా సరే, ఒక టేబులు, ఒక పుస్తకం ఉంటే చాలు. సెంట్రల్ సర్వరు లేని ప్రోటోకాల్ అది.

కానీ నన్ను పట్టేసింది తిండి కాదు, ఆ డ్రైవరుగారి యాస. 1786లో బర్న్స్ తన మొదటి పుస్తకం పేరులోనే ఇవి స్కాట్ మాండలికంలో రాసినవని చెప్పుకున్నాడు. ఏడాది పొడుగునా ఆఫీసు ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఆ ఒక్క రాత్రీ అమ్మ మాట్లాడిన మాట గొంతెత్తి మాట్లాడుతున్నారు. నేనో? శ్రీకాకుళం నుంచి హైదరాబాదు వచ్చిన మొదటి నెల్లోనే "ఏటి" మానేసి "ఏంటి" నేర్చుకున్నవాణ్ణి. సినిమాల్లో మా యాస వినపడితే జనం నవ్వుతారు కదా మరి.

విచిత్రమేమిటంటే, మాట్లాడే తెలుగుకి గౌరవం తెచ్చిన పోరాటం మా ప్రాంతానిదే. గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడ అప్పారావుకి ఆయన సహాధ్యాయి. గురజాడ 'కన్యాశుల్కం' 1892 ఆగస్టులో విజయనగరంలోనే మొదట ఆడారు. విశాఖ జిల్లాలో డబ్బుకి పిల్లల్ని అమ్మిన పెళ్ళిళ్ళ లెక్క మహారాజు తీయిస్తే 1034 తేలాయని, అందులో ముగ్గురు పెళ్ళికూతుళ్ళు ఏడాది పిల్లలని ముందుమాటలో రాశాడాయన. అలాంటి సంగతి గ్రాంథికంలో చెప్తే ఎవరికి ఎక్కుతుంది? అందుకే నాటకంలో మనుషులు మనుషుల్లా మాట్లాడతారు.

ఏటా సెప్టెంబరు 21న, నవంబరు 30న విజయనగరంలో ఆయన విగ్రహానికి దండలు పడతాయి, దేశభక్తి గేయం పాడతారు. మంచిదే, ఉండాల్సిందే. కానీ ఆయన్ని పొగుడుతాం గానీ ఆయన పుస్తకం విప్పం. పొగిడే ఉపన్యాసాలు కూడా చాలావరకు పుస్తకాల తెలుగులోనే! బర్న్స్ విందుల్లోనూ తాగుడికి వంక వెతుక్కునేవాళ్ళు ఉంటారు, కాదనను. అయినా కవి రాసిన మాట బల్ల మీదకి వస్తుంది.

అందుకని నా ప్రతిపాదన. ఈ సెప్టెంబరు 21న నలుగురు స్నేహితుల కుటుంబాలు కలవండి. పూటకూళ్ళ భోజనం వండుకోండి. ఒకరు గిరీశం, ఒకరు మధురవాణి, ఒకరు రామప్పపంతులు. రెండు రంగాలు చదవండి. ఆటపట్టించడానికి గిరీశం ఉన్నాడు, జవాబు చెప్పడానికి మధురవాణిని మించినవాళ్ళు లేరు. ఎవరి యాసలో వాళ్ళు చదవండి, దిద్దుకోకుండా.

మా ఇంట్లో నేను మొదలెడుతున్నా. ఈసారి "ఏటి" అనే అంటాను. భోజనానికి అందరూ రావచ్చు, గిరీశంలా పూటకూళ్ళమ్మకి డబ్బులెగ్గొట్టడం మాత్రం కుదరదు.