పద్యం ఎవరితో చెబుతున్నారు?



ఈమధ్య మా బళ్లారిలో, మరమ్మతులు చేసి మళ్లీ తెరిచిన ఒక పాత నాటకశాలకు మా చిన్నవాడిని వెంటబెట్టుకొని వెళ్లాను. నలభై ఏళ్లుగా హరిశ్చంద్రుడుగా, శ్రీకృష్ణుడుగా పేరు తెచ్చుకున్న ఒక నటుడు ఆ సాయంత్రం ఒక్కరే పద్యకచేరీ చేశారు. కిరీటం లేదు, రంగు లేదు. తెల్లపంచె, భుజాన కండువా, పక్కన హార్మోనియం, తబలా. హాల్లో కుర్చీలు కొత్తవి, దీపాలు కొత్తవి. గోడమీద బళ్లారి రాఘవ పటం మాత్రం పాతదే. ఆ పటం కింద పద్యకచేరీ చూసి నాకు లోలోపల నవ్వు వచ్చింది. ఎందుకో చెబుతాను.

తెలుగు నాటకంలోకి పాటను, పద్యాన్ని దండిగా తెచ్చినవారు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన బళ్లారిలో వకీలు. సరసవినోదినీ సభ పక్షాన 1887లో ఆయన ‘చిత్రనళీయం’ ఆడినప్పుడు జనం విరగబడి చూశారు. ఆ మేనమామ చేతుల్లో పెరిగినవారే రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టారు, ఆయనా వకీలే. కాని మేనమామ తెచ్చిన సంగీతం మితిమీరిపోవడం మేనల్లుడికి నచ్చలేదు. నటుడు రాగం తీస్తూ కూర్చుంటే కథ ఆగిపోతుందనీ, మాటలో ఉన్న భావం ముఖంలో, గొంతులో పలకాలనీ ఆయన వాదం. 1946లో కన్నుమూసేదాకా ఆ మాట వదలలేదు.

అయినా జనం పద్యాన్ని వదల్లేదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబారం, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రలో కాటిసీను ఊరూరా మోగాయి. తరవాత కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. వేరువేరు సమాజాల మేటి గాయకులను ఒక రాత్రికి కుదిర్చి, ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులను నిలబెట్టేవారు. ‘వన్స్‌మోర్’ అని కేక పడితే చనిపోయిన పాత్ర కూడా లేచి పాడేదని మన పెద్దలు నవ్వుకుంటూ చెప్పేవారు. గ్రామఫోను రికార్డు ఒకవైపు కొద్ది నిమిషాలకు మించి తిరగదు. అందులో నాటకం పట్టదు, పద్యం పడుతుంది. అలా పద్యం నాటకం నుంచి విడివడి, ఒంటరిగా మన ఇళ్లలోకి వచ్చింది. నేను చూసిన కచేరీ ఆ దారిలోదే.

ఇక ఆ సాయంత్రం సంగతి. కాటిసీను పద్యం అందుకున్నారు. గొంతు ఇంకా కంచులా ఉంది. హాలంతా చప్పట్లు. మా చిన్నవాడు నా చెయ్యి లాగి, ‘‘నాన్నా, ఆయన ఎవరితో చెబుతున్నాడు?’’ అని అడిగాడు.

నేను తెల్లబోయాను. వాడు బడిలో కన్నడం చదువుతాడు. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరినప్పటి నుంచి మా పిల్లలు చాలామందిది ఇదే దారి. దానికి చింత లేదు, కన్నడం కూడా మాకు అన్నం పెట్టే భాషే. కాని తెలుగు వాళ్ల నోట ఉంది, పలకమీద లేదు. పద్యం ట్యూను వాడికి తెలుసు. ఎదురుగా చంద్రమతి ఉన్నదనీ, ఆమె ఒడిలో కొడుకు శవం ఉన్నదనీ, కాటిసుంకం అడుగుతున్నవాడు ఆమె భర్తేననీ తెలియదు. రాఘవ వాదమంతా వాడి ఒక్క ప్రశ్నలో ఉంది.

ఇంతలో వెనక నుంచి ‘వన్స్‌మోర్’ అన్నారు. ఆ పెద్దాయన హార్మోనియం ఆపించి, ఆ ఘట్టాన్ని కన్నడంలో రెండు నిమిషాలు చెప్పారు. తరవాత అదే పద్యాన్ని రాగం తగ్గించి, మాటమాటా విడదీసి, పక్కన ఎవరో ఉన్నట్టు కిందికి చూస్తూ చదివారు. ఈసారి చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. మావాడు మళ్లీ ఏమీ అడగలేదు.

శ్రోతలారా, గోడలకు సున్నం వేయించి, కుర్చీలు మార్పించి, నాటకశాల తెరవడం మంచి పనే. ఒక్క కళాకారుడి కచేరీ పెట్టినా మంచిదే, గొంతు బతుకుతుంది. కాని చంద్రమతి రంగం మీదికి రాకపోతే హరిశ్చంద్రుడు గాలితో మాట్లాడుతున్నట్టే. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని రాఘవ పట్టుబట్టిన ఊరిలో ఆ లోటు మరీ కనబడుతుంది. ఏడాదికి ఒక్కసారైనా పూర్తి నాటకం ఆడించమని మీ ఊరి పెద్దలను అడగండి.

అంతవరకూ మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఇంట్లో పద్యం వినిపించినప్పుడు, అది ఎవరు ఎవరితో ఏ కష్టంలో అన్న మాటో ముందు పిల్లలకు చెప్పండి. కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో చెప్పినా సరే. కథ తెలిస్తే తెలుగు మాట దానంతట అదే చెవిలో నిలుస్తుంది.